చనిపోయినవారికి ఆన్‌లైన్ స్మారకం

మరణించిన వ్యక్తి ఫొటోలను, జీవిత వివరాలను, గొంతును, వీడియోలను, అయినవారు చెప్పుకునే జ్ఞాపకాలను ఇంటర్నెట్‌లో ఒకే చోట చేర్చి, ఆ మనిషిని ఎరిగినవారు ఏ ఊరినుంచైనా చూసి తమ మాట కూడా జోడించేలా ఏర్పాటు చేసిన పేజీని ఆన్‌లైన్ స్మారకం అంటారు. దినపత్రికలో వేయించిన శ్రద్ధాంజలి ప్రకటన ఆయుష్షు ఒక్క రోజు. కూడలిలో కట్టిన ఫ్లెక్సీ పెద్దకర్మ దాటిన కొన్నాళ్లకే ఎండకు వెలిసిపోతుంది. హాల్లో దండ వేసిన పటం ఆ గడప తొక్కినవారికే కనబడుతుంది. కొడుకు హైదరాబాదులో, కూతురు డాలస్‌లో, చిన్ననాటి స్నేహితులు పుట్టినూళ్లో, పాత సహోద్యోగులు నాలుగు జిల్లాలలో ఉండే ఈ కాలపు తెలుగు కుటుంబానికి ఈ మూడూ చాలడం లేదు కాబట్టే ఆన్‌లైన్ స్మారకం మధ్యతరగతి ఇళ్లలోకీ వస్తోంది. అయితే పేజీ తెరవడం పది నిమిషాల్లో అయిపోయే పని కావడం వల్ల, దానిలో ఏం పెట్టాలి, ఎవరి అంగీకారంతో పెట్టాలి, పదేళ్ల తరువాత దాని బాగోగులు ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలు వెనకబడిపోతున్నాయి. స్మారకం నిలిచేదీ నిలవనిదీ తేలేది ఈ మూడు ప్రశ్నల దగ్గరే.

పోయినవారి గుర్తు నలుగురికీ కనబడేలా నిలపడం తెలుగు నేలకు కొత్త కాదు. నాగార్జునకొండ తవ్వకాలలో బయటపడ్డ ఛాయాస్తంభాలు, అంటే చనిపోయినవారి రూపాన్ని, వారి జీవిత సన్నివేశాలను చెక్కి నిలిపిన స్మారక స్తంభాలు, క్రీ.శ. 3, 4 శతాబ్దాల ఇక్ష్వాకుల కాలానివి. వాసిష్ఠీపుత్ర చాంతమూల మహారాజు మరణించిన తరువాత, అతని కొడుకు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, రాజకుటుంబపు స్త్రీలు కలిసి అటువంటి స్తంభాన్ని నిలిపినట్టు దాని మీది శాసనమే చెబుతుంది. సేనాపతులకు, యుద్ధంలో పడిపోయిన సైనికులకు కూడా అక్కడ స్తంభాలు ఉన్నాయి. తరువాతి శతాబ్దాలలో, పశువుల మందను కాపాడబోయి, ఊరికి అడ్డు నిలబడి ప్రాణాలు వదిలినవారికి పొలిమేరల్లో వేసిన వీరగల్లులు రాయలసీమలోను, తెలంగాణలోను నేటికీ కనిపిస్తాయి. పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరులకు కారంపూడిలో ఏటా తిరునాళ్లు జరుగుతూనే ఉన్నాయి. అయితే ఈ రాళ్లలో ఎక్కువ భాగం రాజుకు, సేనానికి, వీరుడికి దక్కినవి. బతికినంతకాలం నాట్లు వేసి, బడిలో పాఠం చెప్పి, కుట్టుమిషన్ తొక్కి వెళ్లిపోయినవారికి ఏ గుర్తూ మిగలలేదు. పెద్ద ఖర్చు లేకుండా ఆ లోటు తీర్చగల సాధనం ఇప్పుడు చేతికి వచ్చింది.

కుటుంబ జ్ఞాపకం ఎంత దూరం నడుస్తుందో చెప్పడానికి కర్మకాండలోనే ఆధారం దొరుకుతుంది. తర్పణం విడిచే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు గోత్రంతో సహా పలుకుతారు. ఆ పైతరం పేరు అడిగితే చాలామంది తడబడతారు. ఆడవారి సంగతి మరీ అన్యాయం, ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరో మూడో తరానికే తెలియకుండా పోతుంది. పేరు, ఊరు, చేసిన పని, మాట్లాడిన తీరు అక్షరాలలోను, ధ్వనిలోను భద్రమైతే నాలుగో తరానికి, అయిదో తరానికి కూడా ఒక మనిషి మనిషిగా పరిచయమయ్యే అవకాశం ఉంటుంది.

ఇలా తలచుకుంటూ ఉండడం మనసుకు మంచిదేనా అన్న సందేహం మనస్తత్వశాస్త్రంలో చాలాకాలం నడిచింది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసంలో, పోయినవారితో ముడిపడిన అనుబంధాన్ని మనసు కొంచెం కొంచెంగా విడదీసుకునే ప్రక్రియే దుఃఖమని ప్రతిపాదించగా, ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువమంది నిపుణులు ఆ దారిలోనే ఆలోచించి, పోయినవారిని మరచి ముందుకు సాగడమే ఆరోగ్యమన్నారు. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ సంపాదకత్వంలో వెలువడిన గ్రంథం దీన్ని ప్రశ్నించి, 'కొనసాగే బంధాలు' అన్న భావనను ముందుకు తెచ్చింది. మరణంతో బంధం తెగిపోదని, రూపం మార్చుకుని బతికున్నవారి జీవితంలో భాగమవుతుందని, అది రోగలక్షణం కాదని ఆ భావన సారం. ఏటా తిథినాడు ఆబ్దికం పెట్టి, మహాలయ పక్షంలో మళ్లీ తలచుకుని, సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే సమాజానికి, జ్ఞాపకార్థ కూడికలు జరుపుకునే క్రైస్తవ కుటుంబాలకు, నలభయ్యో రోజున ఫాతిహా చదివించే ముస్లిం కుటుంబాలకు ఇందులో కొత్తగా అనిపించేది ఏమీ ఉండదు.

తొలి పేజీల నుంచి నేటి దాకా

ఇంటర్నెట్ సామాన్యులకు అందుబాటులోకి వస్తున్న తొలినాళ్లలోనే స్మారకాలూ వచ్చాయి. కెనడాలోని టొరంటోకు చెందిన మైకేల్ కిబ్బీ అనే ఇంజినీరు, తాను క్యాన్సర్‌తో బాధపడుతున్న సమయంలో, 1995లో వరల్డ్ వైడ్ సెమెటరీ అనే సైటు ప్రారంభించాడు; 1997లో ఆయన చనిపోయిన తరువాత కూడా ఆ సైటు కొనసాగింది. అదే 1995లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో వర్చువల్ మెమోరియల్ గార్డెన్ మొదలైంది. ఈ రెండింటిలోనూ అయినవారు పంపిన కొన్ని వాక్యాలు, ఒకటి రెండు ఫొటోలు మాత్రమే ఉండేవి. సోషల్ మీడియా వచ్చాక పరిస్థితి తారుమారైంది. అంతకుముందు స్మారకం కావాలనుకున్నవారు ప్రత్యేకంగా పేజీ తయారు చేసేవారు. ఇప్పుడు మనిషి బతికుండగా నడిపిన ఖాతాయే మరణంతో స్మారకంగా మారిపోతోంది. చైనాలోని వూహాన్‌లో కొత్త వైరస్ గురించి తోటి వైద్యులను హెచ్చరించిన లీ వెన్‌లియాంగ్ 2020 ఫిబ్రవరిలో కోవిడ్‌తో చనిపోగా, అక్కడి సోషల్ మీడియా వేదిక వైబోలో ఆయన పెట్టిన చివరి పోస్టు కింద జనం ఏళ్ల తరబడి తమ కష్టసుఖాలు రాసుకుంటూ వచ్చారు. ఆ స్మారకాన్ని ఎవరూ కట్టలేదు, దానంతట అదే ఏర్పడింది.

ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన కార్ల్ ఓమన్, డేవిడ్ వాట్సన్ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 2018 నాటి స్థాయి నుంచి కొత్త సభ్యులెవరూ చేరకపోయినా, ఈ శతాబ్దం ముగిసేలోగా ఫేస్‌బుక్ సభ్యులలో కనీసం 140 కోట్లమంది మరణిస్తారు. 2070 నాటికే అక్కడ బతికున్నవారి కంటే చనిపోయినవారు ఎక్కువ కావచ్చు. ఆ మృతుల ఖాతాలలో పెద్ద వాటా భారతదేశానిదే కాగలదని కూడా వారి లెక్క సూచించింది. అంటే తెలుగువారికి ఇది రేపటి సమస్య కాదు, ఎన్నో ఇళ్లలో ఇప్పటికే మొదలైన వ్యవహారం.

కోవిడ్ కాలం ఈ ధోరణిని వేగవంతం చేసింది. ఆసుపత్రినుంచి నేరుగా శ్మశానానికి తరలించిన శవాలు, నలుగురైదుగురితో ముగించిన దహన సంస్కారాలు, వీడియో కాల్‌లో చూసిన చివరి చూపు, రద్దయిన పెద్దకర్మలు మిగిల్చిన వెలితి మాటల్లో చెప్పలేనిది. లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్ 2020 మే నెలలో రిమెంబర్ మీ పేరుతో ఆన్‌లైన్ స్మారక గ్రంథం తెరిచింది. బ్రెజిల్‌లో కళాకారులు, పాత్రికేయులు కలిసి మృతులలో ఒక్కొక్కరి గురించి ఒక్కొక్క వాక్యం రాసే స్మారకాన్ని ప్రారంభించారు. ఆ ఒక్క వాక్యంలో పదవులు, బిరుదులు కాకుండా, ఆ మనిషికి మాత్రమే చెందిన ఏదో ఒక అలవాటో ఇష్టమో చెప్పే పద్ధతి స్మారకం రాయబోయే ప్రతి కుటుంబానికీ పనికొస్తుంది.

ముందుగా సేకరణ

పేజీ తెరవడానికి ముందు సామగ్రి పోగుచేయాలి, అందులోనూ త్వరగా మాయమయ్యేవి ముందు. అన్నిటికంటే త్వరగా పోయేది గొంతు. నేటి కుటుంబాలలో చనిపోయినవారి గొంతు ఎక్కువగా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లలోనే ఉంటుంది. "మాత్ర వేసుకున్నావా", "బస్సెక్కగానే ఫోన్ చెయ్యి", "మామిడికాయలు పంపించా, అందాయా" అంటూ పది పదిహేను సెకన్లలో ముగిసే ఆ మాటలను బతికున్నప్పుడు ఎవరూ భద్రం చేసుకోరు. తరువాత వాటి విలువ ఇంతా అంతా కాదు. వాడకం లేని ఖాతాను 120 రోజుల తరువాత వాట్సాప్ సాధారణంగా తొలగిస్తుంది. రీచార్జి ఆగి రద్దయిన మొబైల్ నంబరును కనీసం 90 రోజులు గడిచాక టెలికాం సంస్థలు మరొకరికి కేటాయించవచ్చు. కాబట్టి నాన్నగారి నంబరు ఎప్పటికీ నాన్నగారిదే అనుకోవడానికి వీల్లేదు, కొన్ని నెలల తరువాత ఆ నంబరు నుంచి ఎవరో అపరిచితుల ఫొటో కనిపించి ఇంటిల్లిపాదీ ఉలిక్కిపడిన సందర్భాలు ఉన్నాయి. సిమ్‌ను కొంతకాలం బతికించి ఉంచడం, ఫోన్‌ను రీసెట్ చేయకుండా పక్కన పెట్టడం, ఆ మెసేజ్‌లు అందుకున్న పిల్లలు, తోబుట్టువులు, మనవలు తమతమ ఫోన్ల నుంచి ఆ ధ్వని ఫైళ్లను వేరే చోటికి కాపీ చేసుకోవడం తొలి నెలలోనే జరగాలి. వాట్సాప్‌లో ఒకరితో జరిగిన సంభాషణను ఫైలుగా బయటికి తీసే ఎక్స్‌పోర్ట్ చాట్ సదుపాయం ఇందుకు ఉపయోగపడుతుంది. అయితే అందులో ఇతరుల సొంత మాటలూ ఉంటాయి కాబట్టి ఆ ఫైలును ఉన్నదున్నట్టు పేజీలో పెట్టకూడదు. పెళ్లి వీడియో క్యాసెట్లు, ఆడియో టేపులు ఇంట్లో ఉంటే వాటినీ ఆలస్యం చేయకుండా డిజిటల్‌లోకి మార్పించాలి, ఎందుకంటే టేపుకు బూజు పడుతుంది, ఆడించే యంత్రాలు కరువవుతున్నాయి.

ఫొటోల సమస్య వేరు. కొందరి విషయంలో వేల ఫొటోలు ఉండి ఏరుకోవడం కష్టమైతే, పాత తరం స్త్రీలలో ఎందరికో రేషన్ కార్డులోనో ఓటరు కార్డులోనో ఉన్న మసక బొమ్మ తప్ప మరొకటి ఉండదు, దశదిన కర్మ కార్డు మీద స్టూడియోవారు పెద్దది చేసి వేసేదీ అదే. అలాంటప్పుడు బంధువుల పెళ్లి ఆల్బమ్‌లు వెతకాలి. అక్షింతలు వేసే వరుసలోనో, భోజనాల బంతిలోనో పక్కకు తిరిగి నవ్వుతున్న అసలు ముఖం దొరుకుతుంది. చిన్న ఫొటోను స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కల సాంద్రత, ఎంచుకుంటే పెద్దది చేసినా చెదరదు. స్కానర్ లేనివారు పటాన్ని అద్దం చట్రం నుంచి తీసి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీసుకోవచ్చు; ఫొటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం ఊడబెరకకుండా అద్దంతోనే తీయడం మేలు. ముఖాన్ని మెరుగుపరిచే యాప్‌లు లేని కళ్లు, లేని చర్మం కల్పిస్తాయి కాబట్టి అసలు ఫొటోను విడిగా ఉంచాలి. ఫొటోలో ఉన్నవారెవరో, అది ఏ ఊళ్లో ఏ సందర్భమో తెలిసిన పెద్దవారు ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి. పేర్లు లేని ఫొటో ముప్పై ఏళ్లకు ఎవరిదీ కాకుండా పోతుంది.

రాసే మాటల విషయంలో తెలుగు శ్రద్ధాంజలి ప్రకటనల అలవాటు అడ్డు వస్తుంది. 'మంచితనానికి మారుపేరు', 'అజాతశత్రువు', 'మీ ఆశయ సాధనకు కృషి చేస్తాం' అన్న వాక్యాలు ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోతాయి, అందుకే అవి ఎవరినీ చూపించవు. పుట్టిన ఊరు, చదివిన బడి, చేసిన ఉద్యోగాలు, తీర్చిన అప్పులు, కట్టిన ఇల్లు, పెంచిన చెట్టు, చేతి వంట, తిట్టిన తిట్లు, వినే పాటలు, నమ్మిన దేవుడు లేదా నమ్మని దేవుడు, వీటిని ఉన్నవి ఉన్నట్టు రాస్తే చదివినవారికి మనిషి కళ్లముందు నిలుస్తాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, సైకిలు హ్యాండిల్‌కు రెండు క్యాన్లు తగిలించుకుని పాలకేంద్రానికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు పిల్లలకు ఇడ్లీ పొట్లం తెచ్చిన తండ్రి గురించి ఆ ఒక్క వాక్యం చాలు, విశేషణాలు అక్కర్లేదు. లోపాలను రాయాలా వద్దా అన్నది కుటుంబం తేల్చుకోవలసిందే గాని, లేని గుణాలు అంటగట్టడం మాత్రం పోయినవారికి చేసే అన్యాయం.

తెలుగులో రాసేవారు లిపి గురించి ఒక సంగతి తెలుసుకోవాలి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కొక్క సంఖ్య కేటాయించే అంతర్జాతీయ ప్రమాణాన్ని యూనికోడ్ అంటారు. ఫోన్లలో, వెబ్ పేజీలలో కనిపించే తెలుగు యూనికోడే. డీటీపీ సెంటర్లలో కర్మ కార్డులు, స్మారక సంచికలు కూర్చడానికి ఎక్కువగా వాడిన అను వంటి పాత ఫాంట్లు ఆ ప్రమాణంలో లేనందువల్ల, అక్కడ కంపోజ్ చేసిన జీవిత విశేషాలను తెచ్చి పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. మార్పిడి సాధనాలు ఉన్నాయి గాని, ఒత్తులు, గుణింతాలు తప్పుతాయి కాబట్టి మార్చిన పాఠాన్ని అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. బొమ్మ రూపంలో పెడితే కనిపిస్తుంది గాని, గూగుల్‌లో వెతికితే ఆ పేరు దొరకదు.

తిథిని కూడా రాసి పెట్టుకోవడం చాలామంది మరచిపోతారు. వర్ధంతిని ఇంగ్లిషు తేదీ ప్రకారం జరిపే కుటుంబాలకు ఇబ్బంది లేదు. ఆబ్దికం మాత్రం మాసం, పక్షం, తిథి ప్రకారం జరుగుతుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది, అధిక మాసం వచ్చాక ముందటి ఏటి తేదీ కంటే దాదాపు 19 రోజులు ఆలస్యంగా వస్తుంది. పైగా తిథి ఆరంభమూ ముగింపూ భూమి అంతటికీ ఒకే క్షణంలో జరిగినా, గడియారంలో ఆ క్షణం విజయవాడకు ఒకటి, న్యూజెర్సీకి మరొకటి. అందువల్ల అమెరికాలో ఉన్న కొడుకుకు తిథి ముందురోజే రావచ్చు. మరణించిన ఊరు, సమయం, తెలుగు సంవత్సరం, మాసం, పక్షం, తిథి పేజీలో స్పష్టంగా ఉంటే, ఏ దేశంలో ఉన్న వారసుడైనా అక్కడి పంచాంగం చూసుకుని నిర్ణయించుకోగలడు.

ఎక్కడ పెట్టాలి, ఎంతకాలం ఉంటుంది

చోటు విషయంలో ఉన్న దారులు కొద్దివే. మొదటిది, పోయినవారి సోషల్ మీడియా ఖాతానే స్మారకంగా మార్చడం. ఫేస్‌బుక్ 2009 నుంచి ఈ ఏర్పాటును అందిస్తోంది. మరణాన్ని రుజువు చేసే పత్రంతో దరఖాస్తు చేస్తే పేరు పక్కన స్మరణ సూచకమైన మాట చేరుతుంది, పుట్టినరోజు గుర్తుచేసే సందేశాలు ఆగిపోతాయి, ఆ తరువాత పాస్‌వర్డ్ తెలిసినవారు కూడా లోపలికి వెళ్లలేరు. 2015లో వచ్చిన లెగసీ కాంటాక్ట్ సదుపాయం ద్వారా సభ్యులు బతికుండగానే ఒకరిని ఎంచుకోవచ్చు. ఆ వ్యక్తి స్మారక ఖాతాలో పైన కనిపించే సందేశం రాయగలరు, ఫొటో మార్చగలరు, ఖాతా తొలగించమని కోరగలరు గాని, పాత సందేశాలు చదవలేరు. మరణ ధ్రువపత్రం కోసం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపు నమోదు చేయించుకుంటే తరువాతి చిక్కులు తప్పుతాయి.

రెండో దారి స్మారకాల కోసమే నడిచే వెబ్‌సైట్లు. ఉచితమని చెప్పేవాటిలో ప్రకటనలు కనిపిస్తాయి, తల్లి ఫొటో పక్కన రుణాల ప్రకటన వస్తే ఏ బిడ్డకైనా మనసు నొచ్చుకుంటుంది. డబ్బు తీసుకుని శాశ్వతమని హామీ ఇచ్చే సైట్ల శాశ్వతత్వం ఆ కంపెనీ నడిచినంతవరకే. మూడోది సొంత వెబ్‌సైటు. దాని డొమైన్ పేరుకు, అంటే ఇంటర్నెట్ చిరునామాకు, ఏటా రుసుము కట్టాలి, కట్టేవారు మరచిపోతే చిరునామా ఇతరుల పాలవుతుంది. వికీపీడియాలో పేజీ రాద్దామని కొందరు ప్రయత్నిస్తారు గాని, స్వతంత్ర ఆధారాలలో తగినంత ప్రస్తావన ఉన్న వ్యక్తులకే అది చోటిస్తుంది, స్మారకాలు తమ లక్ష్యం కాదని దాని నియమాలు చెబుతాయి.

కంపెనీల హామీల గురించి తెలుగువారికి అనుభవం ఉంది. ఒకప్పుడు కుర్రకారంతా గడిపిన సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. స్నేహితుల గోడల మీద రాసుకున్న మాటలు, అప్పటికే చనిపోయినవారి పేజీలు దానితోపాటు పోయాయి. లక్షలాది సొంత పేజీలు ఉన్న జియోసిటీస్ 2009లో, గూగుల్ ప్లస్ 2019లో ఆగిపోయాయి. రెండేళ్లపాటు వాడకం లేని గూగుల్ ఖాతాలను తొలగించే విధానం 2023 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి, పోయినవారి జీమెయిల్‌లోను, గూగుల్ ఫొటోస్‌లోను ఉన్నవి కూడా అక్కడే పదిలంగా ఉంటాయని అనుకోకూడదు. అందుకే ఏ సైటులో పేజీ పెట్టినా మూలసామగ్రి అంతా విడిగా మూడు ప్రతులుగా ఉండాలి: రెండు వేర్వేరు రకాల సాధనాలలో, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉన్న కుటుంబ సభ్యుల దగ్గర. గ్రంథాలయాల వారు, డేటా నిపుణులు పాటించే పద్ధతి ఇదే. పేజీ బహిరంగమైనదైతే, 1996లో స్థాపితమైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే వేబ్యాక్ మెషీన్‌లో దాని నకలు ఉచితంగా భద్రపరచవచ్చు.

సమాధులకు, పేజీలకు మధ్య వంతెనగా క్యూఆర్ కోడ్‌లు కూడా వస్తున్నాయి. కేరళలోని త్రిశ్శూరులో అకాలంగా చనిపోయిన యువ వైద్యుని సమాధి మీద తల్లిదండ్రులు క్యూఆర్ కోడ్ చెక్కించిన సంగతి 2023లో వార్తలకెక్కింది. ఫోన్‌తో స్కాన్ చేస్తే అతని జీవిత విశేషాలు, వీడియోలు తెరుచుకుంటాయి. రాయి వందేళ్లు నిలుస్తుంది, కోడ్ చూపించే చిరునామా నిలవాలంటే మాత్రం ఎవరో ఒకరు దాన్ని కనిపెట్టుకుని ఉండాలి.

అంగీకారం, జాగ్రత్త, చట్టం

పేజీ ఒక్కరు తెరిచినా దుఃఖం అందరిదీ. భార్య లేదా భర్త, పిల్లలు, తోబుట్టువులు ఒప్పుకున్న తరువాతే పేజీని బయటపెట్టాలి. మరణకారణం రాయాలా వద్దా అన్నది దగ్గరివారే నిర్ణయించుకోవాలి, ముఖ్యంగా ఆత్మహత్య అయితే పద్ధతి, స్థలం వంటి వివరాలు రాయకపోవడం ఇతరుల ప్రాణాల కోసం పాటించవలసిన నియమం. ఆసుపత్రి మంచం మీది ఫొటోలు, పార్థివ దేహం ఫొటోలు పెట్టకపోతే మంచిది. చూసేవారు వ్యాఖ్యలు రాసే చోట, నిర్వాహకులు చదివి అనుమతించాకే కనిపించే ఏర్పాటు ఎంచుకోవాలి.

మోసగాళ్లకు చనిపోయినవారి వివరాలు ఎంతో అవసరం. పూర్తి పుట్టినతేదీ, ఆధార్, పాన్ సంఖ్యలు, సంతకం కనిపించే పత్రాలు, ఇంటి చిరునామా ఏవీ పేజీలో ఉండకూడదు. తల్లి పుట్టింటి ఇంటిపేరు బ్యాంకులు అడిగే రహస్య ప్రశ్నలకు జవాబు కావచ్చు కాబట్టి వంశవృక్షం బంధువులకే కనిపించేలా ఉంచడం మేలు. పోయినవారి పేరిట విరాళాల కోసం క్యూఆర్ కోడ్ పెడితే, దాని నకిలీలు పుట్టకుండా డబ్బు నేరుగా అనాథాశ్రమానికో బడికో చేరే దారి చూపించాలి.

చట్టం ఈ విషయంలో ఇంకా కుదురుకుంటోంది. జర్మనీలో 2012లో బెర్లిన్ మెట్రో రైలు కింద పడి చనిపోయిన పదిహేనేళ్ల బాలిక మరణకారణం తెలుసుకోవడానికి ఆమె ఫేస్‌బుక్ ఖాతా చూడనివ్వమని తల్లిదండ్రులు పోరాడగా, ఉత్తరాలు, డైరీలు వారసులకు దక్కినట్టే ఖాతా ఒప్పందం కూడా వారసులకు దక్కుతుందని ఆ దేశపు అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 జూలై 12న తీర్పు చెప్పింది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 14వ సెక్షన్, తాను మరణించినా, అశక్తతకు లోనైనా తన డేటా హక్కులను వినియోగించడానికి మరొకరిని నామినేట్ చేసుకునే వీలు కల్పించింది. దాని నిబంధనలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. వీలునామాలో డిజిటల్ ఖాతాల గురించి రాయవచ్చు గాని, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం వీలునామాను తన పరిధినుంచి మినహాయించింది కాబట్టి, ఈమెయిల్‌లోనో ఫోన్ నోట్స్‌లోనో టైప్ చేసిన వీలునామా చెల్లదు. సాధారణంగా అది కాగితం మీద, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఉండాలి.

పోయినవారి మెసేజ్‌లను, గొంతును కృత్రిమ మేధకు నేర్పించి, వారే మాట్లాడుతున్నట్టు జవాబులిప్పించే సేవలు కూడా ఇప్పుడు ఉన్నాయి. దక్షిణ కొరియాలో 2020లో ప్రసారమైన టెలివిజన్ డాక్యుమెంటరీలో, చనిపోయిన చిన్నారి కంప్యూటర్ రూపాన్ని తల్లి వర్చువల్ రియాలిటీ కళ్లద్దాల ద్వారా కలుసుకున్న దృశ్యం ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2024లో ప్రచురించిన వ్యాసంలో, ఇటువంటి సేవలు పిల్లలకు అందకూడదని, వాటిని గౌరవంగా ముగించే పద్ధతి ఉండాలని సూచించారు. బతికున్నప్పుడు అనుమతి ఇవ్వని మనిషి నోట కొత్త మాటలు పెట్టడం స్మారకం పని కాదు. ఆ మనిషి నిజంగా అన్న పది సెకన్ల మాటకు ఉన్న విలువ యంత్రం కల్పించిన గంట సంభాషణకు లేదు.

ఇక చివరగా చేయవలసిన ఏర్పాటు రెండు వైపులా ఉంది. పెద్దవారు తమ వంతుగా, గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఐఫోన్‌లో లెగసీ కాంటాక్ట్, ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్ట్ అనే సదుపాయాలను బతికుండగానే పూరించి ఉంచాలి. గూగుల్‌లో మూడు నుంచి పద్దెనిమిది నెలల వరకు వ్యవధి ఎంచుకుని, ఆ తరువాత పదిమంది వరకు నమ్మకస్తులకు డేటా అందేలా చేయవచ్చు, ఐఫోన్‌లో అయిదుగురిని నియమించుకోవచ్చు. ఇక స్మారక పేజీ నడిపే కుటుంబం, ఆబ్దికం ఎవరు పెట్టాలో ముందే తేల్చుకున్నట్టే, పేజీ బాధ్యత ఎవరిదో, వారి తరువాత ఎవరిదో పేర్లతో సహా రాసుకుని, పాస్‌వర్డులు, మూడు ప్రతులు ఉన్న చోట్లు, రుసుము కట్టవలసిన తేదీ ఆ కాగితం మీదే వేసి, ఇంటి దస్తావేజుల సంచిలో పెట్టుకోవాలి.